అందరి బస్సులో పటేల్ తువ్వాల

బస్సు అనే మాటకు 'అందరికీ' అని అర్థమట. నాకు మొన్ననే తెలిసింది, బస్సులెక్కి దిగి మోకాళ్ళు అరిగిపోయిన తర్వాత.

నేనూ మా మనవరాలూ వనపర్తి నుంచి ఊరికి వస్తున్నాం. ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్టు లేదు, బస్సు ఉత్తదే కాబట్టి లోపల కాలు పెట్టే సందు ఉండదు. ఒకామె కిటికీలోంచి సీటు మీదికి చున్నీ విసిరింది. ముందే లోపలున్న ఇంకొకామె ఆ చున్నీని పక్కకు నెట్టి కూర్చుంది. ఇద్దరికీ మొదలైంది. ఒకరి ఊరి సంగతులు ఒకరు విప్పారు, పుట్టింటి సంగతులు విప్పారు. ఇంత రభసలో మా పిల్ల ఫోన్లో తల పెట్టుకుని నవ్వుతోంది. కాలేజీలో ఇంగ్లీషు చదువుతుంది, ఏ మాట ఎక్కడ పుట్టిందో వెతకడం దానికొక పిచ్చి.

"అమ్మమ్మా, బస్సంటే ఏందో ఎర్కేనా నీకు?"

"ఏందే, నేను కూసున్నది బస్సు కాదా?"

"అది గాదు. ఆ మాట మొదాలు ఇంత పొడుగుండె. ఆమ్నిబస్. లాటిను మాటంట. అందరికీ అని అర్థం. ఫ్రాన్సుల గుర్రాలబండికి పెట్టిన్రు ఆ పేరు, పెద్దోడు చిన్నోడు అనకుండ ఎవలన్న ఎక్కొచ్చని."

"మరి ఆ ముందటి ముక్క ఏమాయె?"

"పొడుగైందని ఇడిశిపెట్టిన్రు. అందరు అనేది పోయింది. కీ అనేది మిగిలింది."

నాకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. చున్నీ కోసం కొట్లాడుతున్న ఇద్దరూ కొట్లాట ఆపి, ముసలిదానికి ఏమైందోనని నా వీపు నిమిరారు. ఆ పేరు పెట్టినవాడు మంచివాడే అయి ఉంటాడు. మా ఊరి పొద్దుటి బస్సును మాత్రం చూసి ఉండడు.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. సాయంత్రం చదువుల్లో పలక పట్టి నేర్చుకున్నాను. బయట నేను మొట్టమొదట చదివిన మాట బస్సు నొసటి మీదిదే. వ దొరికింది, న దొరికింది, ప దొరికింది. చివర రకు తకు ముడిపడ్డ చోట చిక్కుకుపోయాను. అది విప్పి 'వనపర్తి' అని గట్టిగా చదివేసరికి బస్సు వెళ్ళిపోయింది. చదువు వచ్చిన సంతోషంలో వనపర్తికి నడిచి పోయాను. కనుక బస్సు అనే మాట గురించి నాలుగు ముక్కలు చెప్పే హక్కు నాకుంది.

నా చిన్నతనంలో పెద్దవాళ్ళు దాన్ని మోటరు అనేవాళ్ళు. బస్సు అనే మాట కండక్టర్లతో పాటు ఊళ్ళోకి వచ్చింది. ఆ మాట ఎక్కడిదని కల్లు దుకాణం దగ్గర పెద్ద పంచాయితీ నడిచేది. రాత్రికి మా ఊళ్ళో బస చేస్తుంది కాబట్టి బస్సు అని బడిపంతులు తేల్చాడు. ఆగినప్పుడు బుస్సుమంటుంది కదా, అందుకని గొర్లు కాసే తాత అడ్డం పడ్డాడు. పంతులు పుస్తకం పట్టుకుని వచ్చినా తాత ఒప్పుకోలేదు. "నువ్వు పుస్తకం సూస్తున్నవ్, నేను దాని మొగం సూస్తున్న" అన్నాడు. చివరికి గెలిచింది తాతే. ఆ రోజు కల్లు పోయించింది ఆయన మరి.

ఇళ్ళల్లో ఆ మాటకు వేరే అర్థాలుండేవి. గడియారాలు లేని ఊరు కాబట్టి మొదటిది, పొద్దు. పొద్దుటి బస్సుకు లేవాలి, రెండో బస్సు యాలకు సద్ది తినాలి. పక్కింటి బర్రె రెండో బస్సు పోయినంక ఈనిందంటే అందరికీ అర్థమయ్యేది. రెండో అర్థం, వాంతి. డీజిలు, బీడీపొగ, ఎండుచేపలు, కోళ్ళగంప, ఎవరో ఒడిలో పెట్టుకున్న పచ్చి తోలు, అన్నీ కలిసిన వాసన ఒకటి ఉండేది. దానికి విరుగుడుగా ఆడవాళ్ళు చింతపండు ఉండ బుగ్గన పెట్టుకుని ఎక్కేవాళ్ళు. బుగ్గ ఉబ్బిన ఆడమనిషి ఎదురైతే, ఎక్కడికని అడగకుండానే వనపర్తికి పోతోందని తెలిసిపోయేది.

ఆ బస్సుకొక చట్టం ఉండేది. సీటు మీద బట్ట పడితే సీటు ఆ బట్టవాడిది. పగవాడి బట్టనైనా ఎవరూ తీసేవాళ్ళు కాదు. రుమాలు వేసేవాళ్ళు, తలగుడ్డ వేసేవాళ్ళు, ఏమీ లేనివాళ్ళు చెప్పు విడిచి వేసేవాళ్ళు. ఒకామె కంగారులో చంకలోని బిడ్డనే కిటికీలోంచి లోపల కూర్చోబెట్టింది. ఆమె తలుపు దాకా వచ్చేలోపు బస్సు కదిలింది. బిడ్డ దర్జాగా సీట్లో, తల్లి వెనక దుమ్ములో ఉరుకుతూ. ఆ బిడ్డ పెద్దయ్యాక కూడా ఊళ్ళో దాన్ని 'సీటుపిల్ల' అనే పిలిచారు.

చట్టం అందరికీ ఒక్కటేలే అనుకోకండి. డ్రైవరు పక్కన, ఎడమ వైపు ఇద్దరు కూర్చునే ముందు సీటు ఉండేది. దాని మీద మా ఊరి పెత్తందారు పటేల్ తువ్వాల పడేది. తెల్ల తువ్వాల, ఎర్ర అంచు. తెల్లారేసరికి పటేల్ ఇంటి పెద్ద జీతగాడు దాన్ని మడతపెట్టి తెచ్చి, సీటు మీద పరిచి, ముడతలు సవరించి పోయేవాడు. పటేల్ నెలకొకసారి బస్సెక్కితే ఎక్కువ. అయినా తువ్వాల రోజూ ఎక్కేది. ఆయనకు ఎప్పుడు ఏ ఊళ్ళో ఎక్కాలనిపిస్తుందో ఏమోనని. జనం ఒకరి కాళ్ళ మీద ఒకరు నిలబడి, బస్సు వెనక నిచ్చెన పట్టుకుని వేలాడుతుంటే, తువ్వాల కిటికీ పక్కన కూర్చుని గాలి తింటూ వనపర్తి పోయి వచ్చేది. దాని పక్కన సగం సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ తువ్వాల చూసినంత వనపర్తిని పటేల్ చూసి ఉండడు.

మా పిల్లలకు అదొక ఆట. ఊరి చివర మా మాదిగవాడ దగ్గర బస్సు ఒక్క క్షణం ఆగేది. మేము కిటికీ కింద వరుసగా నిలబడి, తువ్వాలకు రెండు చేతులెత్తి "దండం పటేలా" అని అరిచి పారిపోయేవాళ్ళం. ఒకసారి జీతగాడు అదే బస్సులో ఉన్నాడని చూసుకోలేదు. తంగేడు బరికె పట్టుకుని వాగు దాకా తరిమాడు.

మమ్మల్ని, అంటే నన్నూ మా అవ్వనూ, ఒకనాడు ఆ బస్సెక్కించింది అవ్వ కళ్ళు. అవ్వ మా నాయనను కన్న తల్లి. అమ్మా నాయనా ఏడాదిలో ఎక్కువ కాలం మేస్త్రీ వెంట లారీలో దూరదేశం పోయి కట్టల కింద, కాలువల కింద రాళ్ళు కొట్టేవాళ్ళు. నేను అవ్వ దగ్గర ఉండేదాన్ని. అవ్వ ఒంటి నిండా ఆముదం వాసన, కొంగు నిండా పొగాకు వాసన. పొద్దున లేస్తే యేసయ్యకు ఒక మాట చెప్పుకుని, ఎందుకైనా మంచిదని ఎల్లమ్మకూ ఒక మాట చెప్పుకునేది.

ఆ ఏడు ఆమె కళ్ళల్లో పొర ముదిరింది. బియ్యంలో రాళ్ళు వేలితో వెతికి ఏరేది. ఏరగా మిగిలినవి మేము తినేవాళ్ళం. ఒక సాయంత్రం మా మేకకు బదులు పక్కింటి మేకను గుడిసెలో కట్టేసి, దానికి మా మేక పేరు పెట్టి రాత్రంతా బుజ్జగించింది. తెల్లారి పక్కింటామె వచ్చి మేకను దొంగిలించారని లొల్లి పెట్టింది. అవ్వ మేకనే సాక్ష్యం అడిగింది. "నువ్వే చెప్పవే, నేను నిన్ను తెచ్చిన్నా, నువ్వే వచ్చినవా?"

పీర్ల పండుగకు వచ్చిన నాయన ఇదంతా చూశాడు. రొట్టె ముందు కూర్చుని తినకుండా అన్నాడు.

"అవ్వా, నీకు కండ్లు మొత్తం పోతే ఈ పిల్లను ఎవలు సూస్తరు? ఎండకాలం లారీ వస్తది. ఇద్దర్నీ నాయెంట తోల్కపోత."

"నేనాడ ఏం జేస్తరా?"

"నువ్వు కూసుంటవ్. పిల్ల రాళ్ళు మోస్తది."

మా వాడలో నా ఈడు పిల్ల ఒకతె అట్లా పోయి, కుడిచేతికి రెండు వేళ్ళు తక్కువతో తిరిగి వచ్చింది. దాని చేయి చూసినప్పటి నుంచి లారీ చప్పుడు వింటే నేను గింజలు పోసే గుమ్మి వెనక దాక్కునేదాన్ని. నాకు మా గుడిసె కావాలి, మా మేక కావాలి, అవ్వ కావాలి. అవ్వ కళ్ళుంటేనే అవన్నీ ఉంటాయి.

నాయన వాళ్ళు పోయిన కొద్ది రోజులకు సూదులేసే నర్సమ్మ వాడకు వచ్చింది. పట్నం నుంచి కంటి డాక్టర్లు వనపర్తి దవాఖానకు వస్తున్నారని చెప్పి, అవ్వ చేతిలో చీటీ పెట్టింది.

"ఒక్క దినమే అవ్వా. పది కొట్టకముందే ఉండాలె. అటెంక పేరు రాసుకోరు. మళ్ళెప్పుడొస్తరో నాకు తెల్వదు."

ఆ దినమే వనపర్తిలో వారపు అంగడి పడింది. పల్లికాయ తెంపుడు ముమ్మరంగా ఉందని వాడలో తోడు వచ్చేవాళ్ళు లేరు. నేను జొన్నరొట్టెలు, పుంటికూర తొక్కు, ఒక ఉల్లిగడ్డ మూటగట్టాను. అవ్వ పెట్టెలోని చీర తీసి కట్టింది. చీటీ చెంగున ముడివేసి, ముడి ఉందా లేదా అని నడుస్తున్నంతసేపూ తడుముకుంది. బస్సు వచ్చేసరికి అంగడి జనంతో కిక్కిరిసి ఉంది. వెనక తలుపు లోంచి ఎట్లాగో ఎక్కాం. కండక్టరు మాకు టికెట్లు కొట్టాడు. కొత్తవాడు, సన్న మీసం, మెడలో ఈల వేసే పీక. బస్సు కదలగానే అవ్వ నిలవలేక నా మీదికి ఒరిగింది.

"జర ఎక్కడన్న కూసుంట బిడ్డా" అంది నాతో. నేను ఆపేలోపే సీట్లు తడుముకుంటూ ముందుకు నడిచింది. మొదటి సీట్లో ఒకాయన బట్టతల చేతికి తగిలింది. "ఇది నిండింది" అంది. తర్వాతి దాంట్లో కోళ్ళగంప. కోడి వేలు పొడిచింది. "ఇదీ నిండింది." ఇంకొకచోట ఒకావిడ ఒడిలో గుమ్మడికాయ. దాన్ని నిమిరి, "నీళ్ళాడే దినాలు దగ్గరపడ్డట్టున్నయి, పైలం బిడ్డా" అంది. బస్సు మొత్తం నవ్వింది. నవ్వు ఆగేలోపు ఆమె ముందు సీటు దగ్గరికి చేరింది. చేతికి తువ్వాల తగిలింది. అంచు మీద ఒకసారి వేళ్ళు నడిపింది. పక్కనున్న సగం సీట్లో హాయిగా కూర్చుంది.

నవ్వు ఆగిపోయింది. కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"లెవ్వు అవ్వా. ఆడ కూసోవద్దు."

"ఎందుకు కొడుకా? ఎవలున్నరు ఈడ?"

"పటేల్ ఉన్నడు."

"ఉంటే ఉండనీ. ఆయనది ఆయనకుంది గదా." తువ్వాల వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "దండం పటేలా. ముసల్దాన్ని, జర ఈ మూలకు కూసుంట. నువ్వు జరగకు, గట్లనే ఉండు."

కండక్టరు ఇరుక్కున్నాడు. అది తువ్వాల అని చెబితే, ఖాళీ సీటు నుంచి ముసలిదాన్ని ఎందుకు లేపుతున్నావని అడుగుతుంది. పటేల్ అని తానే అన్నాడు. దారిలో బస్సు ఆగే గోపాల్‌పేట దాకా చూద్దాం అన్నట్టు మీసం గోక్కుని వెనక్కు పోయాడు. నేను అవ్వ పక్కన కమ్మి పట్టుకుని నిలబడ్డాను. ఎవరొచ్చి లేపుతారోనని వెనక్కే చూస్తున్నాను. అవ్వ మాత్రం పటేల్‌తో ముచ్చట పెట్టింది.

"పొలమెట్లుంది పటేలా? వానలు లేకపాయె. నీ బర్రె మా సొరతీగ మొత్తం మేసింది, ఎర్కేనా? అడుగుదామంటే నువ్వెప్పుడు దొరుకుతవ్? ఇయ్యాల దొరికినవ్." కాసేపు జవాబు కోసం ఆగింది. "పలుకుతలేవు. కోపమొచ్చిందా?"

వెనక ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్నారు. అవ్వకు ఇంకా ఊపు వచ్చింది.

"నీకు గుర్తున్నదో లేదో. ఇంతప్పుడు నువ్వు మా వాడెనకున్న తుమ్మచెట్టెక్కినవు. బంక కోసం. ఎక్కినవు గని దిగరాలే. లాగు తుమ్మముండ్లకు తట్టుకొని ఊడిపాయె. ఒక్క తీరుగ ఏడ్చినవు. మా ఇంటాయన ఎక్కి, నిన్ను భుజమ్మీద ఏసుకొని దింపిండు. మాదిగోని భుజమెక్కినవని తెలిస్తే ఇజ్జత్ పోతదని, ఎవలకు చెప్పొద్దని మీ నాయిన ఒట్టు పెట్టిచ్చుకుండు. ఇయ్యాల్టి దాంక ఎవలకన్న చెప్పిన్నా నేను? నువ్వే చెప్పు."

ఈ మాట బస్సంతా వింటుండగానే గోపాల్‌పేట వచ్చింది, బస్సు ఆగింది, వెనక తలుపు లోంచి పటేల్ ఎక్కాడు. ముందు రోజు అక్కడ చుట్టాల ఇంట్లో ఆగాడట. తన సీటు తనకోసం వస్తుందన్న ధీమాతో కిర్రుచెప్పులు కిర్రుమనిపిస్తూ ముందుకు నడిచాడు. జనం ఒకరి మీద ఒకరు పడి దారి ఇచ్చారు. బస్సు కదిలింది. ఆయన మా వెనక వచ్చి నిలబడేసరికి అవ్వ ఇంకా లాగు సంగతే చెబుతోంది. నేను ఆమె భుజం గిల్లాను. మళ్ళీ గిల్లాను. ఆమె తల తిప్పింది.

"ఎవలు నాయినా నిలబడ్డది? ఈడ జాగ లేదు. పటేల్ కూసున్నడు. ఎనకకు పో."

వెనక నుంచి ఒక్క నవ్వు పగిలింది. దాని వెంట బస్సంతా. పటేల్ ముఖం తువ్వాల అంచు రంగుకు తిరిగింది.

"ఏయ్ ముసల్దానా! నేనే పటేల్ను!"

"నువ్వు పటేల్‌వా?" అవ్వ తువ్వాల మీద మెల్లగా తట్టింది. "మరి ఈయనెవలు? కండక్టర్ కొడుకు పటేల్ అని చెప్పె. ఇంతసేపూ ముచ్చట పెడ్తి."

కండక్టరు కిటికీలోంచి బయట ఏదో కొత్త సంగతి కనబడ్డట్టు చూస్తున్నాడు.

"దించుర దీన్ని" అన్నాడు పటేల్.

పీక మోగింది. బస్సు ఆగింది. చుట్టూ ఎర్రమట్టి, రాళ్ళు, ఒక్క మనిషి లేని బయలు. నవ్వులన్నీ చప్పబడ్డాయి. నేను సద్దిమూట గుండెకు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాను. అక్కడ దిగితే అవ్వ నడవలేదు. పది కొడుతుంది. పేరు రాసుకోరు. ఎండకాలం లారీ వస్తుంది. నాకు ఆ క్షణంలో కనబడినవి నా కుడిచేతి వేళ్ళే.

అవ్వ లేవలేదు. చెంగు ముడి విప్పి చీటీ చేత్తో పైకి పట్టింది. అంతసేపు మాటల్లో ఉన్న ఆట లేదు ఇప్పుడు.

"పటేలా, దించితే దిగుత. దవాఖానల పది దాటితే నా పేరు రాయరు. నాకు కండ్లు రాకపోతే ఈ పిల్ల రాళ్ళు మోయనీకె పోతది. కండ్లొచ్చినంక నిన్ను గుర్తువడ్త, లేసి నిలబడ్త. ఇప్పుడైతే నాకు నువ్వు ఎట్ల కనపడ్తున్నవో, నీ తువ్వాల గూడ అట్లనే కనపడ్తుంది. నేనేం జెయ్యాలె?"

ఎవరూ నవ్వుదామనుకోలేదు. కానీ గుమ్మడికాయ పట్టుకున్న ఆవిడ ముక్కులోంచి చిన్న చప్పుడు చేసింది. అది చాలింది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, నిచ్చెన మీదివాళ్ళు, అందరూ. కోళ్ళు కూడా లేచి అరిచాయి. ముసలి డ్రైవరు వెనక్కి తిరగకుండానే, బీడీ తీయకుండానే అడిగాడు.

"పటేలా, కూసుంటవా, నిలబడ్తవా? నాకు యాలయితుంది."

నవ్వే బస్సుకు ఎవరు హుకుం వేయగలరు? పటేల్ తువ్వాలను చటుక్కున లాగి, దులిపి, భుజాన వేసుకున్నాడు. ఇప్పుడు కిటికీ పక్క సగం సీటు నిజంగానే ఖాళీ. కూర్చోవచ్చు. కానీ కూర్చుంటే మా అవ్వ పక్కన కూర్చోవాలి. ఆయన ఆ జాగాను చూశాడు, అవ్వను చూశాడు, పైనున్న కమ్మిని పట్టుకున్నాడు. డ్రైవరు గేరు వేశాడు.

"పటేల్ కూసున్నడా?" అవ్వ నా చెవిలో అడిగింది.

"లేదవ్వా. నిలబడ్డడు."

"మరి ఆ జాగ?"

"ఉత్తగుంది."

"ఉత్తగెందుకు? నువ్వు కూసో."

ఆమె మోకాళ్ళ మీదుగా దాటి కూర్చున్నాను. ఎప్పుడూ వెనక నిలబడి పోయే నాకు దారి వెనక్కి పోవడమే తెలుసు. దారి ఎదురు రావడం ఆ రోజు చూశాను. గుంత వచ్చినప్పుడల్లా పటేల్ ధోవతి చెంగు అవ్వ మోచేతికి తగిలేది. ఆయన దాన్ని వెనక్కి లాక్కునేవాడు. మళ్ళీ గుంత, మళ్ళీ లాగుడు. వనపర్తి దాకా అదే పని. ఆ రోడ్డుకు గుంతలు తక్కువేం లేవు. దిగేటప్పుడు ఆయన ఒక్క మాటా అనలేదు. కిర్రుచెప్పులు మాత్రం గట్టిగా మాట్లాడాయి.

దవాఖాన మెట్ల మీద అడిగాను.

"అవ్వా, నీకు నిజంగనే తెల్వదా అది తువ్వాలని?"

"తువ్వాల దగ్గదు, గోక్కోదు, కిర్రుచెప్పులు ఏసుకోదు. తెల్వకేం?" అంది. "అంతమంది పటేల్ అంటుంటే ముసల్దాన్ని నేనెట్ల కాదందు?"

పది కొట్టకముందే పేరు రాసుకున్నారు. రెండు కళ్ళకూ ఒకేసారి కుదరదని ఒక కన్ను కోశారు. మూడు రోజులు వరండాలో ఉన్నాం. వాళ్ళిచ్చిన రొట్టె పాలల్లో ముంచితే దూదిలా ఉందని అవ్వ తినలేదు. పుంటికూర తొక్కు వేలితో నాకి పడుకుంది. నాలుగో రోజు డాక్టరు పట్టీ విప్పి, ఎదురుగా నిలబడి వేళ్ళు చూపించాడు.

"ఎన్ని వేళ్ళు, చెప్పమ్మా?"

అవ్వ వేళ్ళు చూడలేదు. ఆయన పక్కనున్న నన్ను చూస్తోంది. నన్ను ఆమె సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో మరి. గొంతు విని, అడుగుల చప్పుడు విని గుర్తుపట్టేది, అంతే.

"ఎవలే నువ్వు?"

"నేనే అవ్వా."

"ఇంత పొడుగెప్పుడైనవే?" చేయి పట్టి లాగింది. నా తల వంచింది. "నాయినా, వేళ్ళెందుకు? దీని నెత్తిల పేన్లెన్నో చెప్త, రాసుకో." డాక్టరు ముందే కూర్చోబెట్టి చూడడం మొదలుపెట్టింది. ఆయన చీటీ మీద ఏం రాశాడో నాకు తెలియదు, అప్పటికి నాకు చదవడం రాదు. నవ్వుతూ రాశాడన్నది మాత్రం చూశాను.

ఊరికి రాగానే పటేల్ ఏం చేస్తాడోనని నేను వారం రోజులు గుమ్మి వెనకే ఉన్నాను. ఏమీ చేయలేదు. నవ్వింది బస్సంతా, ఎవరి మీదని పగ పడతాడు? తువ్వాల మర్నాటి నుంచీ మామూలుగానే ఎక్కింది. కానీ ఊళ్ళోవాళ్ళకు కొత్త మర్యాద వచ్చింది. ఎవరు ఎక్కినా ముందు సీటు దగ్గరికి పోయి, "దండం పటేలా, జర ఈ మూలకు కూసుంట" అని తువ్వాల పక్కన కూర్చునేవాళ్ళు. కొందరు పంట సంగతులు చెప్పేవాళ్ళు. ఒకాయన తన కూతురి పెళ్ళికి రమ్మని తువ్వాలను పిలిచాడట. పది రోజులకు జీతగాడు దాన్ని తీసుకుపోయి మళ్ళీ తేలేదు. మా వాడ వాళ్ళు ముందు సీట్లో కూర్చోవడం మాత్రం అంత తొందరగా జరగలేదు, అబద్ధమెందుకు చెప్పాలి. ఆ తర్వాత కూడా చాలా ఏండ్లు ఊరివాళ్ళు మమ్మల్ని పక్కన చూసి మొగాలు ముడుచుకున్నారు. ఆ సంగతి నేను మనవరాలికి చెబితే, అది ఫోన్ పక్కన పెట్టేసింది.

ఎండకాలం లారీ వచ్చింది. పనికి నడుమ వచ్చిన అమ్మానాయనా మళ్ళీ బయల్దేరారు. నాయన అవ్వ ముందు నిలబడి, నా బట్టల మూట ఎక్కడుందని అడిగాడు. అవ్వ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఒక రాయి తీసి నాయన అరచేతిలో పెట్టింది. ఆవగింజంత రాయి.

"ఇది నీకు కనపడుతుందా?" అంది. "నాకు కనపడ్డది. పిల్ల యాడికీ రాదు. పో."

నాయన ఆ రాయిని చాలాసేపు చూశాడు. అమ్మ నా తల నిమిరి లారీ ఎక్కింది. పోకూడదని ఏడ్చినదాన్ని, పోవడం లేదని తెలిశాక అమ్మ కోసం ఏడ్చాను. లారీ కదిలేసరికి నా కళ్ళ నిండా నీళ్ళు, ఏమీ కనబడలేదు. అవ్వ పక్కకొచ్చి నిలబడింది, చేయి నొసటికి అడ్డం పెట్టుకుంది. లారీ మలుపు తిరిగేదాకా నాకు ఒక్కొక్కటీ చెబుతూనే ఉంది.

"వాగు దాటింది. మీ అమ్మ చెయ్యూపుతుంది, నువ్వు గూడ ఊపు. ఇటు గాదే, ఆ పక్కకు. ఇంకా ఊపుతుంది. మీ నాయిన ఎటో సూస్తుండు, వాడెప్పటికీ అంతే. ఆ... ఇప్పుడు ఇటు తిరిగిండు. నిన్నే సూస్తుండు."